తీగ తగలకుండా కరెంటు

పిల్లలూ! ఈ నెల ఒక చిన్న ప్రయోగంతో మొదలు పెడదాం. మీ ఇంట్లో మార్కాపురం పలక ఉంది కదూ? లేకపోతే అటక మీద వెతకండి, నాన్నగారిదో తాతగారిదో దొరుకుతుంది. దాన్ని రెండు పుస్తకాల మీద ఆనించి, పైన ఒక గుండుసూది ఉంచండి. అడుగున అయస్కాంతాన్ని అటూ ఇటూ జరపండి. సూది దాని వెంటే పరుగెడుతుంది. పలకకు చిల్లు పడలేదు, అయినా అయస్కాంతశక్తి దాటి వెళ్లింది.

1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు ఒక ఇనుపకడియానికి చెరొకవైపున రెండు తీగచుట్టలు చుట్టాడు. అవి ఒకదానికొకటి తగలవు. మొదటి చుట్టలోకి కరెంటు వదలగానే, రెండో చుట్టకు తగిలించిన పరికరంలో ముల్లు అదిరింది. కరెంటు ఆపగానే మళ్లీ అదిరింది. మధ్యలో మాత్రం కదలలేదు! అనగా, మొదటి చుట్టలో కరెంటు మారుతూ ఉంటేనే రెండో చుట్టలో కరెంటు పుడుతుంది. బోరుమోటారు ఆడనప్పుడు మీ పెద్దవాళ్లు దిగులుగా చూసే ట్రాన్స్‌ఫార్మరు ఉందే, దానిలో జరిగేది కూడా ఇదే.

ఈ కాలంలో సెల్‌ఫోనును బిళ్ల మీద పెడితే చాలు, చార్జి అవుతోంది. చేతిగడియారాలూ, కరెంటు పళ్లబ్రష్షులూ అంతే. ఇవి సౌకర్యాలు. ఇవి లేకపోయినా మనకు రోజు గడుస్తుంది.

గడవనివాడొకడు నాకు తెలుసు. నేను గిద్దలూరు వైపు ఒక బడిలో పనిచేసేటప్పుడు రెండో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. చెవి వెనుక చిన్న యంత్రం, దాని నుంచి తీగ, తీగ కొసన రూపాయి బిళ్లంత చక్రం తలకు అంటుకొని ఉండేవి. ఒకనాడు ఎన్నిసార్లు పిలిచినా పలకలేదని వాణ్ణి గట్టిగా కేకలేశాను. వాడు నా పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న పిల్ల, “మేష్టారూ, ఆటలో బిళ్ల ఊడిపోయిందండీ, వాడికి మీ మాట వినపడదు” అంది. ఆ పిల్లకు తెలిసింది హెడ్మాష్టరుకు తెలియలేదు!

దాని పేరు కాక్లియర్ ఇంప్లాంటు. పుట్టుచెవుడు గల పిల్లలకు శస్త్రచికిత్స చేసి, నత్తగుల్లలా చుట్టలు తిరిగిన లోపలి చెవిలోకి సన్నని తీగ పంపుతారు. దానికి సంబంధించిన తీగచుట్టను చర్మం కింద అమరుస్తారు. ఆ లోపలి భాగానికి బ్యాటరీ లేదు! పెడితే, అది అయిపోయినప్పుడల్లా మళ్లీ కోయాలి కదా? తీగను బయటికి లాగితే చర్మం మానక చీము పడుతుంది. అందుకని బయటి బిళ్లలో ఒక చుట్ట, లోపల ఒక చుట్ట. కరెంటు సెకనుకు లక్షలసార్లు దిశ మారుతూ ఉంటుంది. చర్మం మన పలక వంటిది. దాన్ని దాటి శక్తీ, శబ్దం తాలూకు సంకేతమూ రెండూ లోపలికి పోతాయి. బిళ్ల జారకుండా రెండువైపులా అయస్కాంతాలున్నాయి. చుట్టలు కాస్త ఎడమైతే చాలు, అంతా నిశ్శబ్దం.

లక్షలు ఖర్చయ్యే ఈ చికిత్సను 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద మన రాష్ట్రంలో ఎందరో చిన్నపిల్లలకు ఉచితంగా చేశారు. తల్లిదండ్రులకు ఒక మాట: ఆపరేషన్‌తో పని తీరదు. తరువాత నెలల తరబడి మాటలు నేర్పించాలి. బయటి యంత్రానికి బ్యాటరీలూ తీగలూ మారుస్తూ ఉండాలి. కూలికి పోయే ఇంట్లో ఆ భారం చిన్నది కాదు. బిడ్డ పిలుపుకు తిరగడం లేదనిపిస్తే మాత్రం, “మాటలు ఆలస్యంగా వస్తాయిలే” అని ఊరుకోకండి. మెదడు మాట నేర్చే వయస్సు మొదటి కొద్ది సంవత్సరాలే. వెంటనే చెవిడాక్టరుకు చూపించండి.

సరే, పిల్లలూ, మళ్లీ మన పలక దగ్గరికి రండి. పలక తీసి, దాని స్థానంలో దళసరి ఇనుపరేకు పెట్టండి. సూది మునుపటిలాగే పరుగెడుతుందా? చేసి చూసి, ఏమైందో ఉత్తరం రాయండి.