మీటరు ఏ గోడకు బిగించారు?

మానేటి ఒడ్డు నుంచి

సిరిసిల్లలో కరెంటు గురించి నోరు జారకూడదు. ఏ సాంచాల (మరమగ్గాల) షెడ్డుకు పోయినా ఆసామి చూపు బట్ట మీద ఒకసారి పడితే గోడ మీది మీటరు మీద రెండుసార్లు పడుతుంది. రాత్రంతా ఎన్ని మీటర్ల బట్ట దిగింది, మీటరు ఎన్ని యూనిట్లు తిరిగింది అని ఒకే నోటుబుక్కులో పక్కపక్కన రాసుకునే ఊరు ఇది.

మా మేనల్లుడిది కోరుట్ల. దోహాలో ఏసీలు బాగు చేస్తాడు. పోయినవారం ఒక వీడియో పంపి, ‘మామా, ఇగ రామగుండం కరెంటు ప్లాంటు బంద్ పెట్టుడేనా?’ అని అడిగాడు. వీడియో చూస్తుంటే నాకు ఆ ఆసామే గుర్తొచ్చాడు. ఆయనైతే ఒక్కటే అడుగుతాడు: మీటరు ఏ గోడకు బిగించారు?

వీడియోలో ఉన్నది హైదరాబాద్ కంపెనీ హైలెనర్. సిద్ధార్థ దురైరాజన్ పెట్టిన ఈ చిన్న సంస్థలో, ఆకాశ్ క్షిపణి పథకాన్ని నడిపించిన ప్రహ్లాద రామారావు కూడా ఉన్నారు. 2024లో వీళ్ల పద్ధతికి భారత ప్రభుత్వ పేటెంటు వచ్చింది. ఆ ఏడాదే హైదరాబాద్‌లో యంత్రాన్ని నడిపి చూపించారు. సంస్థ చెప్పిన లెక్క ఇదీ: 100 వాట్ల కరెంటు లోపలికి పోతే 150 వాట్ల వేడి బయటికి వస్తుంది. పైన వచ్చిన 50 వాట్లు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోవడంవల్ల పుట్టాయని వాళ్ల మాట. దీన్ని కోల్డ్ ఫ్యూజన్ అంటారు. ఆ పేరు చెడిపోయింది కాబట్టి చేసేవాళ్లు ఇప్పుడు ‘లెనర్’ అంటున్నారు.

పేరు చెడిన కథ పాతదే. 1989 మార్చి 23న అమెరికాలోని యూటాలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పత్రికలవాళ్లను పిలిచి, భారజలంలో పల్లేడియం కడ్డీ ముంచి కరెంటు పెడితే లెక్కకు మించిన వేడి వచ్చిందన్నారు. సూర్యుడి కడుపులో జరిగే పని గాజు సీసాలో జరిగిందన్నమాట. ప్రపంచమంతా కడ్డీలు కొనుక్కుంది. మన బాబా అణు పరిశోధన కేంద్రంలో పి.కె.అయ్యంగార్ ప్రోత్సాహంతో పలు బృందాలు ఆ ఏడాదే ప్రయోగాలు చేసి, న్యూట్రాన్లు, ట్రిటియం కనిపించాయని నివేదికలిచ్చాయి. కానీ ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి రాలేదు. ఒకరోజు వచ్చింది మర్నాడు రాలేదు. గూగుల్ డబ్బు పెట్టి ఒక పరిశోధక బృందంతో కొన్నేళ్లు వెతికించింది. కోల్డ్ ఫ్యూజన్ జరిగినట్టు ఆధారం దొరకలేదని వాళ్లు 2019లో ‘నేచర్’ పత్రికలో రాశారు. అయినా తలుపు పూర్తిగా మూయలేదు. 2023లో అమెరికా ఇంధన శాఖ విభాగం ఒకటి కోటి డాలర్లు ఇచ్చి, ఈ గొడవ ఏదో తేల్చమని 8 బృందాలను పురమాయించింది.

కాబట్టి హైలెనర్‌ను చూసి నవ్వేయమని నేను చెప్పను. లెక్క మాత్రం వేద్దాం. 150 వాట్లు వచ్చిందంటున్నది వేడి, కరెంటు కాదు. రామగుండంలో బొగ్గు వేడి కరెంటుగా మారేటప్పుడు దక్కేది మూడోవంతు, ఇంకాస్త. ఆ లెక్కన 150 వాట్ల వేడి నుంచి వచ్చే కరెంటు 50 వాట్ల చిల్లర. లోపలికి పోయింది 100. అంటే తన కరెంటు తానే పుట్టించుకుని నడిచే స్థితికి ఆ యంత్రం ఇంకా రాలేదు. సంస్థ చెప్పిన అంకె అక్షరాలా నిజమే అనుకున్నా లెక్క ఇంతే.

వేడి వేడిగానే పనికొస్తుంది కదా అంటారా? నిజమే, పసుపు ఉడకబెట్టే కోరుట్ల, మెట్‌పల్లి రైతుకు కావలసింది వేడే. ఇక్కడ మా ఏసీ మెకానిక్కే నాకు పాఠం చెప్పాడు. ఏసీని తిరగేసి నడిపితే ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి గదిలోకి వస్తుంది, బయటి గాలిలోని వేడిని తోడి లోపల పోస్తుంది గనుక. అందులో అణువూ లేదు, మాయా లేదు. (ఆ వేడికి పసుపు ఉడకదనుకోండి.) ఇక పేటెంటు సంగతి. ఫలానా పద్ధతి ఫలానావారిదని రాసిచ్చే కాగితం అది. సాంచా నడుస్తుందని దుకాణదారు ఇచ్చే గ్యారంటీ చీటీ వేరు.

చిన్నవాళ్లనే నిలదీస్తే న్యాయం కాదు. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో లేజర్లతో కొట్టిన మిరియపు గింజంత ఫ్యూజన్ ఇంధనం, తన మీద పడిన 2.05 మెగాజౌళ్లకు బదులు 3.15 మెగాజౌళ్లు ఇచ్చింది. పెట్టినదానికంటే ఎక్కువ వచ్చిందని పత్రికలు మొదటి పేజీ ఎక్కించాయి. నిజంగా గొప్ప సంగతే. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి గోడ నుంచి లాగిన కరెంటు 300 మెగాజౌళ్లు. మన యూనిట్లలో చెప్పాలంటే, 83 యూనిట్లు మింగి ఒక యూనిట్ కూడా నిండా కక్కలేదు. వాళ్లు మీటరు బిగించింది లేజరు కిరణం దగ్గర. మన ఆసామి చూసేది మెయిన్ దగ్గర.

ఇంగ్లండులోని జెట్ అనే ఫ్యూజన్ యంత్రం 2023 అక్టోబరులో 69 మెగాజౌళ్లు పుట్టించి రికార్డు కొట్టింది. 19 యూనిట్ల పైచిలుకు. అదంతా కరెంటే అనుకుంటే ఒక హార్స్‌పవర్ మోటరున్న సాంచా ఒక రోజు, ఒక గంట నడుస్తుంది. 15 కోట్ల డిగ్రీలదాకా పోయి సంపాదించింది ఒక సాంచా రోజు బత్తెం!

జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది. 1747లో ఇబ్రహీంఖాన్ ధంసా కోసం జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారనీ, ఊరి పేరు కూడా వాళ్ల పేర్లనుంచే వచ్చిందనీ చెప్పుకుంటారు. నమ్మడం మీ ఇష్టం. ఆ బాకీ తీర్చడానికేమో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో కడుతున్న నక్షత్రానికి చట్టి మనవాళ్లే చేశారు. ఐటర్ అనే ఆ ఫ్యూజన్ మహాయంత్రాన్ని కప్పి ఉంచే 3,800 టన్నుల క్రయోస్టాట్ గుజరాత్‌లోని హజీరా నుంచి ఓడెక్కింది. ఫ్యూజన్ కొలిమికి పనికొచ్చే ప్రత్యేకమైన ఉక్కును హైదరాబాద్‌లోని మిధాని, కల్పాక్కం శాస్త్రవేత్తలతో కలిసి తయారు చేసింది. ఐటర్ అసలు ఇంధనంతో మండేది మాత్రం, తాజా ప్రకటన ప్రకారం, 2039లో. హోమీ బాబా 1955లో జెనీవా సభలో ఫ్యూజన్ ఇంకో ఇరవై ఏళ్లలో చేతికొస్తుందన్నారు. ఆ ఇరవై ఏళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఆలస్యం నాకు తప్పుగా తోచదు. మీటరు దాచడమే తప్పు. న్యూజెర్సీలో మనవాళ్లు కిక్కిరిసి ఉండే ఎడిసన్‌కు కూతవేటు దూరంలో మిడిల్‌సెక్స్ అనే ఊరుంది. అక్కడ ఎరిక్ లెర్నర్ అనే ఆయన ఒక గదిలో పట్టే ఫ్యూజన్ యంత్రం పెట్టి, మామూలు జనం దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి నడుపుతున్నాడు. 2012లో 180 కోట్ల డిగ్రీలు తాకామని శాస్త్రపత్రికలో అచ్చు వేశాడు. శక్తి మాటకొస్తే, ఒక్కో పేలుడుకు పదుల వేల జౌళ్లు పెడితే వచ్చేది ఒక జౌల్ లోపే. ఆ సంగతి ఆయనే చెప్తాడు. ఎలక్ట్రోడ్ల లోహం కరిగి ప్లాస్మాను పాడు చేస్తోందని తేలితే అదీ చెప్పి, టంగ్‌స్టన్ మానేసి బెరీలియం పెట్టుకున్నాడు. ఆయన గెలుస్తాడో లేదో గానీ, నోటుబుక్కు మాత్రం తెరిచే ఉంచాడు.

ప్రయోగాలకు మా ఊరు కొత్తది కాదు. 1970 ప్రాంతంలో దేశంలో ఐదు చోట్ల గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు పెట్టి చూశారు: హుకేరి, కొడినార్, ములా-ప్రవరా, లక్నో, సిరిసిల్ల. కరెంటు వాడేవాడే వాటాదారు కావాలన్నది అందులోని ఆలోచన. ములా-ప్రవరా లైసెన్సు పోయింది. ‘సెస్’ అని పిలిచే మా సిరిసిల్ల సంఘం మిగిలింది, దానికుండే రాజకీయాలతో సహా. లివర్‌మోర్ లేజర్లు వెలిగిన ఆ డిసెంబరులోనే ఇక్కడ సెస్ డైరెక్టర్ల ఎన్నికలు జరిగాయి. నాకు తెలిసి మా ఊళ్లలో లేజర్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. సెస్ మీద ఎన్ని ఆరోపణలున్నా, బల్బు వెలిగిందా లేదా అన్నది పల్లెలో ఎవరైనా తల ఎత్తి చూడగలిగారు.

హైలెనర్‌ను నేను అడిగేది అంతే. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. యంత్రాన్ని ఒక నెల అక్కడ వదిలిపెట్టండి. కంపెనీ మనిషి ఉండొద్దు. మీటర్లు కాలేజీవే ఉండాలి. వేడి కొలిచే పాత్ర పిల్లలే బిగించుకోవాలి. హైడ్రోజన్‌తో ఒకసారి, హైడ్రోజన్ లేకుండా ఒకసారి నడపాలి. ఏది ఎప్పుడో కొలిచేవాళ్లకు ముందుగా చెప్పకూడదు. నెలాఖరున 50 వాట్లు అక్కడే ఉంటే, రాష్ట్ర ప్రభుత్వం ఎంత డబ్బు పెట్టినా నేను ఈ కాలమ్‌లో ఒక్క మాట అనను. అప్పటిదాకా మాత్రం ప్రజల సొమ్ము ఒక్క రూపాయి కూడా వద్దు.

ఇదంతా మేనల్లుడికి రాసి పంపాను. రాత్రి షిఫ్టు దిగి జవాబిచ్చాడు: ‘గట్ల పెడితే చెప్పు మామా, సెలవు పెట్టుకొని వస్త. నా క్లాంప్ మీటరు నేనే తెచ్చుకుంట.’

— మానేరువాసి