గిల్టుకు లేని సిగ్గు వాచీకెందుకు?

మంచిర్యాలలో రోడ్డు పక్క బండి మీద దొరికే ‘రోలెక్స్’ను పట్టుకోవడానికి నిపుణుడేం అక్కర్లేదు, సెకన్ల ముల్లును చూస్తే చాలు. సెకనుకొక గెంతు గెంతి ఆగుతుంది. అసలుదాంట్లో అది సెకనుకు ఎనిమిది బుల్లి అడుగులేస్తూ, జారుతున్నట్టే కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, టైము చెప్పడంలో నకిలీదే ఓ మెట్టు పైన! అసలుదానికి రోజుకు 2 సెకన్ల దాకా తేడా రావచ్చని కంపెనీయే చెబుతుంది. నకిలీలో ఉండే మామూలు క్వార్ట్జ్ యంత్రానికి నెలకు 15, 20 సెకన్లకు మించదు.

మరి మోసం ఎక్కడుంది? గిల్టు నగతో పెళ్లికొచ్చిన ఆవిడను ఎవరూ దొంగ అనరు. దసరా ముందు సింగరేణి లాభాల వాటా (2024లో 33 శాతం, 796 కోట్లు) చేతికందాక, బాయిపని చేసే మనిషి ఆ నకిలీ రోలెక్స్ కిరీటం గుర్తు వాచీ కట్టుకుంటే మాత్రం నవ్వుతారు. ఈ కాలమిస్టుకు నవ్వు రాదు. షిఫ్టు సైరనే టైము చెప్పే ఊళ్లలో వాచీ మొదటినుంచీ నగే; పెండ్లికొడుక్కి అత్తగారు పెట్టిన హెచ్ఎంటీ కూడా అంతే కదా.

పేచీ ఒక్కటే. గిల్టు గొలుసు మీద ఏ కంసాలి పేరూ ఉండదు, ఈ డయల్ మీద ఉంటుంది. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ఆ పేరు దొంగతనంగా అచ్చేసినవాడికీ, అమ్మినవాడికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలంటుంది, కట్టుకున్నవాడి ఊసెత్తదు. ఆ పేరు గీకేసి, అదే వాచీని అదే ధరకు పెడితే బండివాడు ఎన్ని అమ్ముతాడో ఓ సాయంత్రం పక్కన నిలబడి లెక్కపెట్టాలని ఉంది.