కొలవని చోటు సంగతేమిటి?

రిఫైనరీలో పంపులు, కంప్రెసర్ల లాగా తిరిగేవాటిని రొటేటింగ్ ఎక్విప్‌మెంట్ అంటారు. వేసిన చోటే ఉండిపోయే వెస్సెళ్ళు, కాలమ్‌లు, హీట్ ఎక్స్ఛేంజర్లు, ట్యాంకులు, మైళ్ళ కొద్దీ పైపులు స్టాటిక్ ఎక్విప్‌మెంట్. తిరిగేది పాడయ్యే ముందు మూలుగుతుంది, అదురుతుంది, వేడెక్కుతుంది. కదలనిది నోరు విప్పదు. లోపల లోహం అరిగిపోతున్నా పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని ఆరోగ్యం తెలియాలంటే ఎవరో ఒకరు గేజ్ పట్టుకుని దగ్గరికి వెళ్ళాలి. అదే ఇన్-సర్వీస్ ఇన్‌స్పెక్షన్. గల్ఫ్ దేశాలలో మనవాళ్ళు కూడా చేస్తున్న ఉద్యోగమే ఇది.

ఇందులోని లెక్క చూస్తే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. అల్ట్రాసోనిక్ గేజ్‌తో గోడ మందం కొలుస్తారు. కొన్నేళ్ళాగి అదే చోట మళ్ళీ కొలుస్తారు. 10 మిల్లీమీటర్ల గోడ అయిదేళ్ళలో 9 అయిందనుకోండి, ఏడాదికి 0.2 చొప్పున అరుగుతోందన్న మాట. కనీసం 6 ఉండాలంటే మిగిలిన ఆయుష్షు 15 ఏళ్ళు. పైపులకి ఏపీఐ 570, ప్రెషర్ వెస్సెళ్ళకి ఏపీఐ 510 అని ప్రమాణాలున్నాయి. మిగిలిన ఆయుష్షులో సగం గడిచేలోపు మళ్ళీ చూడమనడం వీటిలో మూలసూత్రం. ఆయుష్షు ఎంత ఎక్కువున్నా దాటకూడని గడువులు వేరే ఉన్నాయి. ఈ లెక్కకి ప్రోగ్రాం రాయడం మనకి పూట పని. చిక్కు భాగహారంలో లేదు. ఎక్కడ కొలిచారన్న దానిలో ఉంది.

కాలిఫోర్నియాలో, సిలికాన్ వాలీకి గంట ప్రయాణంలో, రిచ్‌మండ్ అనే ఊళ్ళో షెవ్రాన్ రిఫైనరీ ఉంది. 2012 ఆగస్టు 6న అక్కడి క్రూడ్ యూనిట్లో 8 అంగుళాల పైపు ఒకటి పగిలింది. చమురు ఆవిరి మేఘంలా కమ్ముకుని, అంటుకుంది. ఆ మేఘంలో చిక్కుకున్న 19 మంది ఉద్యోగులు ప్రాణాలతో బయటపడ్డారు. పొగ వల్ల తర్వాతి వారాల్లో సుమారు 15 వేల మంది చుట్టుపక్కల జనం వైద్యం కోసం వెళ్ళారు.

కెమికల్ సేఫ్టీ బోర్డ్ విచారణలో తేలినదేమిటంటే, బాగా వేడిగా ఉన్న చమురులోని గంధకం ఆ ఉక్కుని తినేసింది. కార్బన్ స్టీలులో సిలికాన్ 0.1 శాతం కన్నా తగ్గితే ఈ అరుగుదల చాలా వేగంగా సాగుతుంది. 1976లో వేసిన ఆ లైనులో కొన్ని ముక్కల్లో సిలికాన్ తగినంత ఉంది, కొన్నింటిలో లేదు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. క్రమం తప్పకుండా కొలిచే స్థానాలు ఎక్కువగా వంపుల దగ్గర, సిలికాన్ బాగున్న ముక్కల మీద ఉన్నాయి. పగిలిన 52 అంగుళాల పొడుగు ముక్క మాత్రం పగిలేనాటికి గోడ మందంలో దాదాపు 90 శాతం పోగొట్టుకుంది.

అసలు బాధాకరమైన విషయం ఇంకొకటి. 2002లోనే ఒక ఉద్యోగి మామూలుగా చూడని చోట్లు కూడా చూసి, ఆ ముక్క మూడో వంతు అరిగిపోయిందని గమనించి, లైను మార్చమని సిఫారసు చేశాడు. మార్చలేదు. ఆ చోటు శాశ్వత కొలత స్థానాల జాబితాలోకీ ఎక్కలేదు. పదేళ్ళు దాన్ని ఎవరూ మళ్ళీ కొలవలేదు.

మన విశాఖపట్నంలోనూ ఇలాంటి లోపమే బయటపడింది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి ఎగదన్ని 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పిన కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి: ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున. పై పొరల్లో వేడి ఎంతుందో చెప్పే ఏర్పాటే లేదు.

ఈ రెండు చోట్లా ఉన్న అంకెలు తప్పు కాకపోవచ్చు. అవి అసలు ప్రశ్నకి జవాబులు కావు, అంతే.

"అయితే అన్ని చోట్లా కొలిస్తే పోలా?" అని మీరనవచ్చు. కుదరదు. ఒక్కో చోటికి పరంజా కట్టాలి, ఇన్సులేషన్ విప్పాలి. పెద్ద ప్లాంటులో కొలత స్థానాలు వేలల్లో ఉంటాయి. అందుకే ప్రమాదం ఎక్కువున్న చోటే ఎక్కువ చూడమనే రిస్క్ బేస్డ్ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. మంచి పద్ధతే. కానీ ఆ రిస్కు లెక్క కట్టేది మళ్ళీ మన దగ్గరున్న వివరాలతోనే. పైపు ఏ ఉక్కుతో చేశారో తెలియనప్పుడు, "కార్బన్ స్టీల్" అన్న ఒక్క మాటతో నింపిన గడి ప్రోగ్రాముకి నిజంలాగే కనిపిస్తుంది.

ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. ఇవాళ ఈ కొలతలన్నీ మనలాంటివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లోకే వెళుతున్నాయి. పైన కృత్రిమ మేధ కూడా తగిలిస్తున్నారు. నా అభిప్రాయంలో అలాంటి సాఫ్ట్‌వేర్‌కి తప్పనిసరిగా ఉండవలసినవి రెండు. ఒకటి, కొలవని చోటు తెరమీద కొలవనిదిగానే కనబడాలి. పక్క ముక్క బాగుందని దీనికీ ఆకుపచ్చ పులమకూడదు. రెండు, ఇన్‌స్పెక్టర్ చేసిన సిఫారసు దానంతటది మూతపడకూడదు. "వద్దు" అన్నవారెవరో, ఎందుకన్నారో రాస్తే తప్ప అది కళ్ళముందు నుంచి పోకూడదు.

ఇవి రాయడం కష్టం కాదు. కొనేవాళ్ళకి నచ్చకపోవచ్చు. ఎర్రగా, ఖాళీగా ఉన్న తెర చూపించి సరుకు అమ్మడం కష్టమే మరి. అయినా స్పెసిఫికేషన్ మీటింగులో కూర్చున్నప్పుడు "కొలవని చోట్లు ఎక్కడ చూపిస్తున్నాం?" అని ఒకరు అడగాలి. ఆ అడిగేవారు మీరే ఎందుకు కాకూడదు?