కాపలా కుక్కకు చోటు లేని వరద ప్రణాళిక

గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట ఒకటే మాట: "ఎంత బతిమాలినా కదలడం లేదు." తెల్లారేసరికి అదే శీర్షిక అవుతుంది. కోనసీమ లంకల్లోనూ, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లోనూ ఇంటిని వదలని వాళ్లంతా మొండివాళ్లని తేల్చేస్తారు. ఈ తీర్పు తప్పు. వాకిట్లో కట్టేసి ఉన్న కుక్కను ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పకుండా, దాన్ని సాకిన మనిషి కదల్లేదని నిందించడం అన్యాయం.

44 శాతం. విపత్తు నిర్వహణ కార్యాలయాల గోడల మీద రాసి ఉండాల్సిన అంకె ఇది. 2005లో కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని ముంచెత్తాక, ఇళ్లు ఖాళీ చేయని వాళ్లను ఫ్రిట్జ్ ఇన్‌స్టిట్యూట్ సర్వే కారణం అడిగింది. పెంపుడు జంతువులను వదిలి వెళ్లలేకపోవడం కూడా ఒక కారణమని 44 శాతం మంది చెప్పారు. కత్రినా వచ్చిన మరుసటి ఏడాదే అక్కడ చట్టం వచ్చింది. రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ తమ తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల సంగతి చూడాల్సిందేనని అది చెప్పింది. కుక్కల మీద ప్రేమ ఒక్కటే ఆ చట్టాన్ని తేలేదు. కుక్క కోసం మనిషి ఆగిపోతాడని ఆ విపత్తు నేర్పింది.

మనకు ఆ అంకె వర్తించదనేవాళ్లు పల్లె ఇంటిని సరిగ్గా చూడలేదు. పల్లెలో కుక్కకు పని ఉంది. ఊరికి దూరంగా చేలో కట్టుకున్న ఇల్లు, కళ్లంలో ధాన్యం, పాకలో గేదెలు, బోరు మోటారు, దాని కేబుల్ వైరు... వీటన్నిటికీ రాత్రి కాపలా అదే. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే దొంగలకు ఊరు ఖాళీ అయిన రాత్రి కంటే మంచి అదను ఉండదు. గొలుసుతోనే వదిలేసి వెళ్తే కుక్క నీళ్లలో మునిగి చస్తుంది. విప్పేసి వెళ్తే తిండి దొరక్క ఎటో పోతుంది, ఇంటికి దిక్కుండదు. అందుకే ఆడవాళ్లనూ పిల్లలనూ పడవ ఎక్కించి, ఇంటాయన ఒక్కడూ డాబా మీద ఉండిపోతాడు. దీన్ని మొండితనం అంటారా? 44 శాతం చెప్పింది ఇదే కదా.

తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ తెచ్చారు. అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు. పట్నం ఇంటికి అది మంచి సదుపాయం. కానీ కెమెరాకు కరెంటు కావాలి, నెట్ కావాలి. తుపానులో మొదట పోయేవి ఆ రెండే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ దెబ్బకు విశాఖపట్నం అంతటి నగరమే రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. లంక గ్రామం ఒక లెక్కా?

ఇక పరిహారం జాబితా చూడండి. రాష్ట్ర విపత్తు సహాయ నిధి కింద 2022–26 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు, మేకకు 4,000, కోడికి 100 ఉన్నాయి. కుక్క ఊసే లేదు. డబ్బు కోసం ఈ మాట ఎత్తలేదు. జాబితాలో లేని ప్రాణి తరలింపు పట్టికలోకీ ఎక్కదు, ట్రాక్టరూ ఎక్కదు.

మనుషులకే పడవలు చాలనప్పుడు కుక్కలకు ఎక్కడ తెస్తామని అడగవచ్చు. ఆఖరి గంటలో అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. కానీ గోదావరి చెప్పకుండా వచ్చే ఏరు కాదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. పడవల అవసరం రాకముందే, రోడ్డు తేలి ఉన్నప్పుడే, గేదెలను మెరకకు తోలే ట్రాక్టరులోనే కుక్కనూ ఎక్కించవచ్చు. పునరావాస కేంద్రంలో కుక్క కరుస్తుందన్న భయమూ సరైనదే. బడి ఆవరణలో ఒక మూల రేకుల పందిరి వేసి, దూరం దూరంగా కట్టేస్తే సరిపోతుంది. నీళ్లు తీశాక తిండి లేక గుంపులు కట్టి తిరిగే కుక్కలు అంతకంటే పెద్ద ముప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశానివే.

కుక్కల మీద మన చర్చంతా నగర వీధుల చుట్టూనే తిరుగుతోంది. వీధి కుక్కల గురించి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల మీద టీవీల్లో వారాల తరబడి కేకలు వేసుకున్న రెండు పక్షాల వాళ్లకూ వాకిట్లో కాపలా కుక్క కనబడలేదు.

ఏటా జులై 6న, జూనోసిస్ దినం నాడు, పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. సరిగ్గా వరదల కాలం మొదట్లో. ఆ రోజే ముంపు గ్రామాల్లో ప్రతి కుక్క మెడకూ ఇంటి నంబరున్న బిళ్ల కట్టడానికి ఏం అడ్డొచ్చింది? అదే నంబరును తరలింపు పట్టికలో రాసుకోవడానికి, ఖాళీ అయిన ఊరికి పోలీసు పడవ గస్తీ వేయడానికి కొత్త చట్టం కావాలా? పశుగణనలో కుక్కలను ఎలాగూ లెక్కిస్తున్నారు. లెక్క ఉంది, టీకా ఉంది, హెచ్చరిక ఉంది, బడి ఉంది. 44 శాతం అన్న పాఠం అందుబాటులోకి వచ్చి సుమారు 20 ఏళ్లు అయింది. ఇన్ని ఉండి కూడా ఆ గొలుసు విప్పే పని ఎవరికీ అప్పగించకపోతే, వచ్చే వరదలో డాబా మీద మిగిలిపోయిన మనిషిని మొండివాడు అనే హక్కు ఏ అధికారికీ లేదు.