నీటి చట్టానికి గీటురాయి పొలమే: దక్షిణాఫ్రికా అనుభవం

ఒక దేశపు నీటి పాలనను అంచనా కట్టేటప్పుడు సాధారణంగా చట్టాన్ని, విధాన పత్రాన్ని, సంస్థల నిర్మాణాన్ని పరిశీలిస్తారు. ఈ కొలమానం చాలదనడానికి దక్షిణాఫ్రికాయే నిదర్శనం.

ఆ దేశ సగటు వార్షిక వర్షపాతం సుమారు 450 మి.మీ.; ప్రపంచ సగటులో దాదాపు సగం. వాడే నీటిలో సుమారు 60 శాతం సేద్యానిదే. 1956 నాటి చట్టం నదీతీర భూముల యజమానులకు నీటిపై హక్కు కల్పించింది. 1913 భూమి చట్టం వల్ల సారవంతమైన భూములకు దూరమైన నల్లజాతి రైతులకు, ఆ విధంగా నీరూ దూరమైంది. 1998 జాతీయ నీటి చట్టం ఈ ముడిని తెంచింది. నీటికి ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని ప్రకటించింది. మనుషుల కనీస అవసరాలకు, నదుల మనుగడకు కావలసిన నీటిని ముందుగా కేటాయించి, మిగిలినదే ఇతరులకు పంచాలని నిర్దేశించింది. ప్రపంచమంతటా ప్రశంసలందుకున్న చట్టమిది.

అమలు మాత్రం వేరుగా సాగింది. కొత్త లైసెన్సులు వచ్చేవరకు పాత వాడకాలు కొనసాగవచ్చునని చట్టమే అనుమతించింది. నీటిని తిరిగి పంచాలంటే, ఇప్పుడు ఎవరెంత వాడుతున్నారో ముందుగా తేలాలి. ఆ నిర్ధారణే ఏళ్ల తరబడి సాగింది. తప్పనిసరి పునఃకేటాయింపు కొద్ది పరీవాహక ప్రాంతాలను దాటలేదు. మొదట 19గా తలపెట్టిన పరీవాహక యాజమాన్య సంస్థలను తరువాత 9కి, ఆపై 6కి కుదించారు. చాలాకాలం ఇంకోమాటి, బ్రీడే సంస్థలు రెండే నిలదొక్కుకున్నాయి.

చట్టపు ఆశయం మితిమీరినదని కొందరి విమర్శ. ఇది సరికాదు. లోపం ఆశయంలో లేదు; కొలతలో, స్థానిక సంస్థలను నిలబెట్టడంలో ఉంది. 2018లో కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి విధించినప్పుడు, గ్రూన్‌లాండ్ నీటి వినియోగదారుల సంఘం రైతులు తమ జలాశయాల నుంచి సుమారు 1,000 కోట్ల లీటర్లు నగరానికి విడుదల చేశారు. తమ వద్ద ఎంత నీరుందో, తమకెంత కావాలో తెలిసిన సంఘానికే ఇటువంటి నిర్ణయం సాధ్యమవుతుంది.

ఈ పాఠం తెలుగు నేలకూ వర్తిస్తుంది. దక్షిణాఫ్రికా చట్టానికి ఏడాది ముందే, 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది; పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటి విజయాన్ని సంఘాల సంఖ్యతో కొలవడం తగదు. కాలువ చివరి తూముకు ఎన్ని తడుల నీరు, ఏ తేదీన చేరింది? ఆ లెక్క చివరి ఆయకట్టు రైతుకు తెలుసా? విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తమ క్షేత్ర పరిశీలనను ఈ రెండు ప్రశ్నలతో ఆరంభించాలి. వీటికి జవాబు లేని చోట చట్టం ఎంత గొప్పదైనా అది కాగితానికే పరిమితం.