కలిసి ఆడటానికి సుంకమా?

ఆటకు ప్రాణం తోడు. చెడుగుడు అయినా, కోతికొమ్మచ్చి అయినా ఒక్కరే ఆడితే రక్తి కట్టదు. వీధిలోకి వెళ్ళి నలుగురిని పిలుచుకొని వస్తేనే ఆట మొదలవుతుంది. అలా పిలిచినందుకు ఏ ఊరిలోనూ ఎవరూ డబ్బు చెల్లించలేదు. అయితే నేటి ఆటస్థలాలలో ఒకటి టెలివిజన్ తెర మీదికి చేరింది. అక్కడ తోడు కావాలంటే చాలాచోట్ల రుసుము కట్టవలసి వస్తున్నది. ఇది సమంజసమేనా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ఆటల కోసమే తయారైన కంప్యూటరును గేమ్ కన్సోల్ అంటారు. దానిని టెలివిజనుకు కలిపి, మీటలున్న కంట్రోలరును చేతపట్టి ఆడతారు. ఇంటర్నెట్ ఉంటే ఒక దేశపు బాలుడు మరొక దేశపు బాలికతో కలిసి ఆడవచ్చు. ఇందుకు మొదట కన్సోలు కొనాలి, తరువాత ఆట కొనాలి, ఆపైన ఇంటర్నెట్ బిల్లు కట్టాలి. ఈ మూడూ అయిన తరువాత, కలిసి ఆడేందుకు నాలుగవసారి చందా అడుగుతారు.

ఈ పద్ధతిని స్థిరపరచినది మైక్రోసాఫ్ట్ సంస్థ. అది 2002 నవంబరులో ఎక్స్‌బాక్స్ లైవ్ అనే సేవను చందాతో ప్రారంభించింది. సోనీ సంస్థ 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో ఇదే సౌకర్యాన్ని ఉచితంగా ఇచ్చింది. కాని 2013లో ప్లేస్టేషన్ 4 వచ్చినప్పుడు, కొనుక్కున్న ఆటలలో చాలావాటిని ఇతరులతో ఆడటానికి చందా తప్పనిసరి చేసింది. నింటెండో సంస్థ స్విచ్ కన్సోలును 2017 మార్చిలో విడుదల చేసి, ఏడాదిన్నర ఉచితంగా ఆడనిచ్చి, 2018 సెప్టెంబరు నుండి రుసుము వసూలు చేసింది. ఒకరు వేసిన బాటలో మిగిలినవారు నడిచారు.

చందాను సమర్థించేవారి వాదనను తోసిపుచ్చరాదు. ఆటగాళ్ళను ఒకరితో ఒకరిని కలిపే సర్వర్లు రాత్రింబగళ్ళు పనిచేయాలి. వాటికి విద్యుత్తు కావాలి, నిపుణులు కావాలి. మోసగాళ్ళనూ, దుర్భాషలాడేవారినీ అదుపుచేయాలి. 2011 ఏప్రిల్‌లో దుండగులు సోనీ సర్వర్లలోకి చొరబడ్డారు. సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారానికి ముప్పు వాటిల్లి, సేవ మూడు వారాలకు పైగా నిలిచిపోయింది. ఉచితంగా ఇచ్చే సేవకు ఇంతకంటె రక్షణ ఎలా వస్తుందని వారు అడుగుతారు.

ఈ ప్రశ్నకు జవాబు మూడేళ్ళకే దొరికింది. 2014 క్రిస్మస్ రోజున జరిగిన దాడిలో మైక్రోసాఫ్ట్, సోనీ సేవలు రెండూ స్తంభించాయి. అప్పటికి రెండింటికీ చందా ఉన్నది. పండుగకు కొత్త కన్సోలు కానుకగా పొందిన పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడలేక నిరీక్షించవలసి వచ్చింది. కనుక డబ్బు కట్టినంత మాత్రాన భద్రత దానంతటదే రాదు.

ఖర్చు విషయమూ పరిశీలించాలి. చాలా ఆటల సర్వర్లను నడిపేది ఆటను తయారుచేసిన సంస్థలే. కొన్ని ఆటలలో ఆటగాళ్ళ యంత్రాలే నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. పైగా కన్సోలు సంస్థలు తమ దుకాణంలో అమ్ముడైన ప్రతి ఆటపై సాధారణంగా నూటికి 30 వంతులు తీసుకుంటాయి. అందులో నుంచి సర్వర్ల ఖర్చు భరించడం అసాధ్యమని చెప్పలేము.

కంప్యూటరు ఆటలే ఇందుకు నిదర్శనం. కంప్యూటరు మీద ఇతరులతో ఆడటానికి సాధారణంగా ఇటువంటి చందా లేదు. 2007లో మైక్రోసాఫ్ట్ అక్కడ కూడా రుసుము ప్రవేశపెట్టి చూసింది. ఆటగాళ్ళు ఆదరించలేదు. మరుసటి ఏడాదే దానిని ఎత్తివేసింది. కారణం స్పష్టమే. కంప్యూటరు ఉన్నవాడు ఒక అంగడి నచ్చకపోతే మరొక అంగడికి పోతాడు. కన్సోలు కొన్నవాడికి ఒకటే వాకిలి. ఆ వాకిలి వద్ద కూర్చున్నవారు ఎంత అడిగితే అంత ఇవ్వాలి. ఏనుగును అమ్మి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లున్నది ఈ వ్యవహారం.

ఈ భారం చిన్నది కాదు. అమెరికాలో ప్లేస్టేషన్ ప్రాథమిక చందాను 2023 సెప్టెంబరులో ఏడాదికి 60 డాలర్ల నుండి 80 డాలర్లకు పెంచారు. ఆ లెక్కన ఐదేళ్ళకు 400 డాలర్లు. 2013లో ప్లేస్టేషన్ 4 అక్కడ అమ్మకానికి వచ్చినప్పటి ధర 399 డాలర్లు! తల్లిదండ్రులు కూడబెట్టి కొనిచ్చిన ఆట, చందా గడువు తీరగానే సగం మూగబోతుంది. తోటివారు కలిసి ఆడుతుంటే ఆ బిడ్డ ఒంటరిగా మిగిలిపోతుంది. ఇక్కడ నష్టపోయేది ఆట ఒక్కటే కాదు, చెలిమి కూడా.

ఆటగాళ్ళు గొంతెత్తితే ఫలితం ఉంటుందనీ రుజువయింది. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన చందా పెంచుతున్నట్లు ప్రకటించింది. నిరసన వెల్లువెత్తడంతో ఆ రోజే వెనక్కు తీసుకొన్నది. ఉచితంగా లభించే ఆటలకు చందా నిబంధనను ఆ ఏప్రిల్‌లో తొలగించింది కూడా. ఉచితమైన ఆటకు లేని సుంకం, వెల చెల్లించి కొన్న ఆటకు ఎందుకుండాలి?

అలాగని అన్నీ ఊరికే ఇమ్మనడం ధర్మం కాదు. నెలనెలా ఇచ్చే అదనపు ఆటలు, ఆట పురోగతిని దూరాన ఉన్న సర్వరులో దాచిపెట్టే సౌకర్యం, ధరలలో తగ్గింపు వంటివి కోరినవారికి వెలకట్టి ఇవ్వవచ్చు. ఇష్టమున్నవారు కొంటారు, లేనివారు మానుకుంటారు. కాని కొన్న ఆటను నలుగురితో ఆడటం అదనపు సౌకర్యం కాదు. అది ఆటలోని భాగమే. దానికి మళ్ళీ వెల అడగటం న్యాయం కాదు. బంతిని అమ్మిన వర్తకుడు, ఆ బంతిని స్నేహితునికి విసిరినప్పుడల్లా రుసుము అడుగరాదు కదా!