లెక్క ఎవరి చేతిలో ఉంది?

నందికొండ అనగానే మనకి నాగార్జునసాగర్ డ్యామ్ గుర్తొస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కట్టకి రాళ్ళు మోసిన వేలాది మందిలో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో తమ కూలి లెక్క తామే చదువుకోగలిగిన వాళ్ళెందరు? ఆ తరం మనవరాళ్ళు, మునిమనవరాళ్ళు ఇప్పుడు కాలనీల నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి బడికొస్తున్నారు. ఈ పిల్లలకి కంప్యూటరు, వ్యాపార పాఠాలు ఆసక్తిగా ఎలా చెప్పాలని సమావేశాల్లో చర్చ జరుగుతోంది. ఆటలు పెడదామంటారు, ప్రైజులు ఇద్దామంటారు. నేనడిగేది వేరు. కీబోర్డు మీద ఎవరి చెయ్యి ఉంది?

బడుల్లోకి కంప్యూటర్లు రావడం కొత్తేమీ కాదు. 1984లోనే కేంద్రం క్లాస్ పథకం పెట్టింది. 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు చదువుని ఐదేళ్ళ ఒప్పందంతో ప్రైవేటు సంస్థలకి అప్పగించింది. 2013లో గడువు తీరింది, బోధకులు ఇంటిదారి పట్టారు. గుడ్డ కప్పిన మానిటర్లు, తాళం వేసిన గదులు మనలో చాలామంది చూసినవే.

తాళం తీసిన చోట మాత్రం ఏం జరుగుతోంది? నేను వెళ్ళిన ఒక బడిలో ఆరు కంప్యూటర్లు పనిచేస్తున్నాయి. ఆరింటి ముందూ మగపిల్లలే. ఆడపిల్లలు వెనక నిలబడి "మౌస్ అనగా..." అని నోటుబుక్కులో ఎత్తి రాసుకుంటున్నారు. వీళ్ళకి ఇంట్రెస్టు లేదు మేడమ్ అన్నారు సారు. ముట్టుకోనివ్వని వస్తువు మీద ఇంట్రెస్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?

వ్యాపార పాఠాలది ఇంకో కథ. పదో తరగతి దాకా కామర్స్ అనే సబ్జెక్టే లేదు. ఇంటర్‌లో సి.ఇ.సి. గా ఎదురవుతుంది, అదీ ఎంపీసీ చదవలేని వాళ్ళ గ్రూపన్న చులకనతో. కానీ సంఘం పాస్‌బుక్కు తల్లికి చదివిపెట్టేది ఆ పిల్లే. పత్తి ఏరిన కూలీ, పాలకేంద్రం నుంచి రావలసిన డబ్బూ నోటిమీద చెప్పేదీ ఆ పిల్లే. దీన్ని మనం చదువు కింద ఎందుకు లెక్కెయ్యం?

ఇరవై వేల అప్పు తీసుకుందాం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. నెలకి 600, ఏడాదికి 7,200 అవుతుంది. అదే అప్పు నూటికి రూపాయి వడ్డీకి దొరికితే ఏడాదికి 2,400. ఎక్సెల్ గడుల్లో ఈ రెండూ పక్కపక్కన వేసి, వడ్డీ అంకె మార్చి చూడమంటే ఎనిమిదో తరగతి పిల్ల గంటకూడా లేవదు. అందులో కంప్యూటరూ ఉంది, కామర్సూ ఉంది, వాళ్ళమ్మ బతుకూ ఉంది. 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్ళ వసూళ్ళకి మన రాష్ట్రంలో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. 2020 చివర్లో అప్పుల యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీస్తామని బెదిరిస్తే తెలంగాణలో మళ్ళీ అదే జరిగింది. ఫోన్‌లో 'అనుమతించు' నొక్కితే ఏమేం వాళ్ళ చేతికి పోతుందో బడిలో చెప్పాల్సిన పాఠం కాదా?

పాఠ్యాంశం కష్టం చేస్తే గొప్పదవుతుందనుకునేవాళ్ళు ఇంగ్లండు వైపు చూడాలి. 2014లో అక్కడ బడుల్లో పాత ఐ.సి.టి. స్థానంలో ప్రోగ్రామింగు ప్రధానంగా కంప్యూటింగ్ తెచ్చారు. ఇప్పుడు పదహారేళ్ళకి రాసే కంప్యూటర్ సైన్స్ పరీక్షకి కూర్చునే వాళ్ళలో ఆడపిల్లలు దాదాపు ఐదోవంతే. ప్రోగ్రామింగు వద్దని కాదు నేననేది. 1946లో అమెరికాలో ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్ళేనని ఆ క్లాసులో ఎవరైనా చెప్పాలి కదా!

గ్రామసంఘం లెక్కలు రాసే వి.ఓ.ఏ. అక్కని నెలకో రోజు బడికి పిలిపించమని హెడ్మాస్టర్లని అడుగుదాం. కంప్యూటరు గదిలో వారానికి రెండు పీరియడ్లు ఆడపిల్లలకే ఇవ్వమందాం. పదో తరగతి పరీక్షలయ్యాక, గ్రూపు ఎంచుకునేలోపు, తల్లుల్నీ పిల్లల్నీ కూర్చోబెట్టి సి.ఇ.సి., ఎం.ఇ.సి. చదివితే తర్వాత ఏ దారులుంటాయో మాట్లాడదాం. మీ మండలంలో ఎన్ని బడుల్లో ఆ గది తాళం తీసి ఉంది, లోపల ఎవరు కూర్చుంటున్నారు, చూసి వచ్చే సంచికకి రాయండి.